కుడిపక్క సీటు

మౌలాలికి కుదురు లేదని బందరు ఇనగుదురుపేటలో అందరికీ తెలుసు. అన్నం ముందు కూర్చున్నా ఒక మోకాలు ఆడుతూనే ఉంటుంది. టీ కొట్టు బల్ల మీద కూర్చుంటే గ్లాసు చల్లారేలోగా రెండుసార్లు లేచి, ఎవరో పిలిచినట్టు వీధి చివరిదాకా వెళ్లొస్తాడు. అదేం చిత్రమో, ఉలి చేతిలోకి వచ్చిందంటే మాత్రం ఆ మనిషి కదలడు. పొద్దున కూర్చున్నవాణ్ని మధ్యాహ్నం భార్య షంషున్నీసా వచ్చి భుజం తట్టి అన్నానికి లేపాల్సిందే. "మీ కాళ్లు ఒకరివి, చేతులు ఒకరివి" అని ఆవిడ పెళ్లయిన కొత్తలో అంది. ఇప్పటికీ అంటూనే ఉంది.

అతని పని అచ్చులు చెక్కడం. బందరులోనూ పెడనలోనూ కలంకారీ బట్టల మీద అద్దే పూలూ తీగెలూ నెమళ్లూ ముందు టేకు చెక్క మీద పుట్టాలి. అలా పుట్టించేవాళ్లలో మౌలాలి పేరున్నవాడు. ఆ పనిలో మొదటి పాఠం ఒకటే. బొమ్మ గీసిన కాగితాన్ని తిరగేసి చెక్కకి అంటించాలి. చెక్క మీద ఎడమకి చూసే నెమలే బట్ట మీద కుడికి చూస్తుంది. చిన్నప్పుడు తండ్రి దగ్గర చీవాట్లు తిని నేర్చుకున్న ఈ సంగతి మౌలాలి బుర్రలోంచి ఎప్పుడో చేతుల్లోకి దిగిపోయింది. ఇప్పుడు దాని గురించి అతను ఆలోచించడు. ఊపిరి పీల్చడం గురించి ఎవరు ఆలోచిస్తారు?

ఉప్పెన వచ్చి రెండేళ్లు కావస్తున్న రోజుల్లో, ఒక శనివారం, అవనిగడ్డ బస్సు దిగి ఒకావిడ అతని ఇల్లు వెతుక్కుంటూ వచ్చింది. నలభై లోపు మనిషి. నీలం నేతచీర, చేతిలో గొడుగు, కళ్ల కింద నిద్రలేని నలుపు. పేరు కృపావతి అనీ, దివిసీమలో నాగాయలంకకి అవతల గువ్వలదిబ్బ బళ్లో టీచరుననీ చెప్పింది.

"మా చర్చిలో క్రిస్మస్‌కి పెట్టే నోవహు ఓడ మీరు చేసిందేనట గదండీ. ఉప్పెనలో చర్చి గోడలు పడిపోయాయి గానీ ఆ ఓడ మాత్రం తుమ్మ పొదలో దొరికింది."

"ఓడ గదమ్మా, తేలాలి మరి" అన్నాడు మౌలాలి.

ఆవిడ నవ్వలేదు. "నాకొక విమానం చేసిపెట్టాలి" అంది.

యుద్ధ విమానమట. కాన్‌బెర్రా అనే పాత జెట్టు, బాంబులు వేసేది. ఆవిడ భర్త ప్రభుదాసు అందులో నావిగేటరు, అంటే పైలటుకి దారి చెప్పేవాడు. డెబ్భైయొకటి యుద్ధంలో ఒక రాత్రి వెళ్లిన ఆ విమానం తిరిగి రాలేదు. అందులో ఉన్నది ఇద్దరు. ఇద్దరి జాడా లేదు. చనిపోయారని ఎవరూ చెప్పలేదు, బతికున్నారనీ చెప్పలేదు. సర్కారు వాళ్ల లెక్కలో ప్రభుదాసు 'కనబడుట లేదు' అన్న మాట దగ్గరే ఆగిపోయాడు.

"ఆ విమానం ఫోటో ఏదైనా ఉందా అమ్మా?"

"ఫోటో ఉంటే మీదాకా ఎందుకొస్తానండీ. ఆయన పెట్టె, బట్టలు, ఫోటోలు, అన్నీ ఉప్పెన పట్టుకుపోయింది. ముందు మనిషి పోయాడు, తర్వాత ఆ మనిషి గుర్తులు పోయాయి. చేత్తో పట్టుకుని ఇది ఆయనది అనుకోడానికి ఒక్కటంటే ఒక్కటి మిగల్లేదు."

మౌలాలి విమానాన్ని ఆకాశంలో వేలెడంత చూసినవాడే గానీ దగ్గర్నుంచి చూసిన పాపాన పోలేదు. పూలు చెక్కుకునేవాడికి బాంబుల విమానం ఎందుకు, కుదరదని చెబుదామనే నోరు తెరిచాడు. గుమ్మంలో నిలబడ్డ షంషున్నీసా మాత్రం అతని నోటికేసి చూడలేదు, మోకాలికేసి చూసింది. అది ఆడటం మానేసింది. ఈయన ఒప్పుకున్నట్టేనని ఆవిడకి అర్థమైపోయింది.

"గుడివాడలో మా తమ్ముడి పక్కింటాయన ఎయిర్‌ఫోర్సులో చేసి వచ్చాడు గదా" అంది. "విమానాల కబుర్లు చెప్పి చెప్పి మావాడి చెవులకి చిల్లులు పొడుస్తున్నాడు. వెళ్లి ఆయన్ని అడగండి."

మర్నాడే మౌలాలి గుడివాడ రైలెక్కాడు. కిటికీ దగ్గర సీటు దొరికినా కూర్చోలేక తలుపు దగ్గర నిలబడే వెళ్లాడు.

ఆ పక్కింటాయన పేరు గంగాధరరావు. ఎయిర్‌ఫోర్సులో పదిహేనేళ్లు విమానాలకి మరమ్మతులు చేసి, ఇప్పుడు గుడివాడ స్టేషను రోడ్డులో రైతుల ఆయిల్ ఇంజన్లు బాగుచేస్తున్నాడు. బొజ్జ, పెద్ద గొంతు, నూనె మరకల బనీను. కాన్‌బెర్రా అన్న మాట చెవిన పడగానే చేతిలో ఉన్న ఇంజను తాలూకు పిస్టన్‌ని అలాగే కింద పెట్టేశాడు. ఇంజను తెచ్చిన రైతు లబోదిబోమన్నాడు.

"ఉండవయ్యా, నీ ఇంజను ఎక్కడికీ ఎగిరిపోదు" అని రైతుని కసిరి, మౌలాలి వైపు తిరిగాడు. "బావా, దాని ఒళ్లంతా నాకు తెలుసు. కళ్లు మూసుకుని గీస్తాను."

కళ్లు తెరుచుకునే గీశాడు లెండి. రైసు మిల్లు వాళ్ల క్యాలెండరు చింపి, దాని వెనక విమానాన్ని పైనుంచి ఒకసారి, పక్కనుంచి ఒకసారి, ముందునుంచి ఒకసారి గీశాడు. వెడల్పాటి రెక్కలు, రెక్కకొకటి చొప్పున లావుపాటి ఇంజను, గుండ్రటి ముక్కు. వీపు మీద ఒక గాజు బుడగ.

"ఇదిగో, ఈ గాజు బుడగ చూశావా? మిగతా విమానాల్లో లాగా నడిమధ్యన ఉండదు. ఒక పక్కకి జరిగి ఉంటుంది. ఈ రకం కాన్‌బెర్రాకి గుర్తే అది. నేను గీసింది గీసినట్టు పెట్టావంటే తప్పు రాదు."

"గీసింది గీసినట్టే" అన్నాడు మౌలాలి. లోపల ఎవరు ఎక్కడ కూర్చుంటారని అడగలేదు. చెక్కేవాడికి పైరూపంతోనే పని. ఆ కాగితాన్ని చుట్టచుట్టి, చంటిపిల్లాణ్ని పట్టుకున్నట్టు పట్టుకుని బందరు చేరాడు.

ఆ తర్వాత అతని పంచలో వేరే పని నడవలేదు. పెడన నుంచి నెమలి అచ్చుల కోసం మనిషి వచ్చి తిట్టి వెళ్లాడు. మౌలాలి పాత టేకు దుంగ ఒకటి తీసి, చిత్రిక పట్టి, క్యాలెండరు కాగితం మీది బొమ్మని పల్చటి కాగితం మీదికి ఎత్తి, దాన్ని చెక్కకి అంటించాడు. అంటించేముందు చేయి దాన్ని తిరగేసింది. తిరగేసిన సంగతి చేతికే తెలుసు, మౌలాలికి తెలియదు.

మూరెడు పొడవున విమానం మెల్లగా చెక్కలోంచి బయటికొస్తోంది. కాని అతనికి లోపల ఒకటే గాబరా. రెక్కలు మరీ పల్చనయ్యాయేమో, తోక పొట్టిదయిందేమో, కనబడకుండా పోయినవాడి భార్యకి ఇచ్చే వస్తువులో తప్పు వస్తే ఎలా? ఉలి కింద పెట్టిన క్షణం నుంచీ వాకిట్లో పచార్లు. షంషున్నీసాకి విసుగొచ్చింది. "ఆ విమానం ఎగిరేలోగా మీరే ఎగిరేట్టున్నారు" అంది.

పని సగంలో ఉండగా కృపావతి చూడ్డానికి వచ్చింది. ఇంకా నునుపు పట్టని రెక్క మీద వేలితో రాసింది. అప్పుడు మౌలాలి మామూలుగానే అడిగాడు, ఇంట్లో ఎక్కడ పెడతారని. అద్దాల బీరువా అయితే దుమ్ము పడదని సలహా కూడా చెప్పాడు.

"ఇంట్లో కాదండీ. సమాధిలో" అంది ఆవిడ.

అతని చేతిలోంచి ఆకురాయి జారింది.

"ఉప్పెన పోయాక మా దిబ్బలో సగం మంది శవాలు దొరకలేదు. వాళ్ల చొక్కానో, చెప్పో, గాజో, ఏది దొరికితే అది పెట్టెలో పెట్టి, ప్రార్థన చేసి పూడ్చి, పైన సిలువ పాతాం. ఎవరి గుంట దగ్గర వాళ్లు కూర్చుని ఏడ్చారు. తర్వాత లేచి పనుల్లోకి వెళ్లారు. నాకు పూడ్చడానికి ఆయన చొక్కా కూడా లేదు. విమానమైతే సరేనని పాస్టరు గారు ఒప్పుకున్నారు."

"మట్టిలో పెట్టడానికా అమ్మా, ఇంత సన్నపని? పాడైపోదూ?"

"పాడవ్వాలనే గదండీ" అంది ఆవిడ. ఆ తర్వాత, అడగకుండానే, మిగతాది చెప్పింది. ఆ రాత్రి వెనకాల వచ్చిన ఇంకో విమానంలో వాళ్లు చూశారట. కింద మంటలు, గాలిలో ఒక పారాచూట్. ఒకటే. అది ఇద్దరిలో ఎవరిదో తెలియదు. పైన గాజు బుడగ ఉన్నవాడికే బయటపడే వీలమ్మా అని ఒక ఆఫీసరు గొణిగి తలదించుకున్నాడు. గాజు ఏ పక్క ఉంటుందని అడిగే ధైర్యం ఆవిడకి లేకపోయింది. అడిగితే జవాబు చెబుతాడేమోనని భయం.

"ఆ పైలటు భార్య బెంగాలీ ఆవిడ. ఆఫీసు వరండాలో ఒకే బెంచీ మీద కూర్చున్నాం. ఒకళ్ల ముఖం ఒకళ్లం చూసుకోలేకపోయాం. ఉన్నది ఒక పారాచూట్, మేం ఇద్దరం. అప్పట్నుంచీ తలుపు చప్పుడైతే లేస్తానండీ. బస్సు ఆగితే లేస్తాను. కుక్క మొరిగితే లేస్తాను. ఇక నావల్ల కాదు. ఒకచోట కూర్చుని ఏడవాలని ఉంది."

మౌలాలి వంగి కిందపడ్డ ఆకురాయి తీసుకున్నాడు. కుదురు లేని మనిషినని తన గురించి తను అనుకునేవాడు. అసలు కుదురు లేకపోవడమంటే ఏమిటో ఆవేళ తెలిసింది. అయినా మనసులో ఒక మూల ముల్లులా గుచ్చుకుంటూనే ఉంది. జీవితంలో ఇంత పని చేయలేదు, ఇక చేయలేడు కూడా. అది పోయి పోయి మట్టిలోకి పోవడం ఏమిటి?

విమానం పూర్తయింది. వెండి రంగు వేయించాడు. గాజు బుడగకి తగిన గాజు దొరకలేదు గానీ, పాత టార్చిలైటు అద్దాన్ని అరగదీసి అమర్చాడు. కృపావతి వచ్చి చూసింది. చుట్టూ తిరిగింది. విమానం తోకవైపు వెళ్లి నిలబడి, వెనకనుంచి చూస్తూ తన కుడిచేతిని కొంచెం పైకెత్తింది. ఏది కుడో చూసుకునే చిన్నపిల్లలా.

"ఈ గాజు కుడిపక్కనే ఉంటుందాండీ?"

"వెంట్రుకవాసి తేడా రాలేదమ్మా. గుడివాడాయన గీసింది గీసినట్టు."

ఆవిడ పంచ అరుగు మీద కూలబడిపోయింది. "నాది కుడిపక్క సీటు అనేవారండీ. సెలవుల్లో వచ్చినప్పుడు బస్సులో కూడా నన్ను ఎడమవైపు కూర్చోబెట్టి, నాకు కుడిపక్కే అలవాటు అనేవారు. దారి చెప్పేవాడికి దారి కనబడాలి గదా. అందుకే ఆయనకి గాజు పెట్టారు. నాకు ఇన్నాళ్లూ ఎందుకు తట్టలేదో." విమానం కేసి చూసింది. "ఆ పారాచూట్ ఆయనదండీ. ఆయన దూకారు."

షంషున్నీసా మంచినీళ్లు తెచ్చింది. ఆవిడ తాగలేదు. ఏడుస్తూ, మధ్యలో నవ్వుతూ, ఇక సమాధి లేదనీ, పాస్టరు గారికి చెప్పేస్తాననీ, ఉద్యోగానికి సెలవు పెట్టి ఢిల్లీ వెళ్లి కనబడ్డ ప్రతి గుమ్మం ఎక్కుతాననీ చెప్పింది. విమానాన్ని దుప్పటిలో చుట్టుకుని, ఒళ్లో పెట్టుకుని బస్సెక్కింది.

మౌలాలికి ఆవేళ పట్టలేనంత సంతోషం. ఆ సంతోషంలో సగం ఆవిడ కోసం, సగం విమానం మట్టిలోకి పోలేదని. ఆ రెండో సగం సంగతి షంషున్నీసాకి కూడా చెప్పలేదు. సిగ్గుపడ్డాడు. అయినా సంతోషం సంతోషమే గదా.

ఆ ఊపులోనే, మిగిలిన టేకు ముక్కతో, అదే బొమ్మని చిన్నదిగా ఎత్తి, జానెడు విమానం ఇంకోటి చేశాడు. బొమ్మ గీసిచ్చిన గంగాధరరావుకి కానుక. మూడు వారాల తర్వాత దాన్ని సంచిలో పెట్టుకుని గుడివాడ వెళ్లాడు.

గంగాధరరావు దాన్ని అరచేతిలో పెట్టుకుని మురిసిపోయాడు. రెక్కల కింద చూశాడు, ఇంజన్లు తట్టాడు. తర్వాత కనుబొమలు ముడిచాడు. ఆ తర్వాత బొజ్జ కదిలేలా నవ్వాడు.

"బావా, నీ అచ్చుల బుద్ధి పోనిచ్చుకున్నావు కాదు. ఇది అద్దంలో కాన్‌బెర్రా. గాజు బుడగ ఉండాల్సింది ఎడమపక్క."

మౌలాలి నవ్వబోయాడు. నవ్వు రాలేదు. షాపులో గోడకి వేలాడుతున్న క్యాలెండరు కేసి చూశాడు, తన చేతుల కేసి చూసుకున్నాడు. కాగితాన్ని తిరగేసిన ఆ చిన్న కదలిక ఇప్పుడు గుర్తొచ్చింది.

"ఆ గాజు కింద కూర్చునేది ఎవరు?"

"ఇంకెవరు, పైలటు. ఎడమపక్క, పైన. ప్రమాదం వస్తే మనిషిని సీటుతో సహా బయటికి విసిరేసే ఏర్పాటు ఉండేది ఆయనకొక్కడికే."

"మరి నావిగేటరు?"

గంగాధరరావు ముఖంలో నవ్వు పోయింది. "ఆయన కుడిపక్క, కింద, ముక్కులోపల. చీకటి గుయ్యారం. ఆయనకి ఆ సీటు లేదు బావా. పక్కనే ఒక తలుపు ఉంటుంది. అందులోంచి దూకాలి. విమానం నిలకడగా పోతుంటే దూకొచ్చు. కాలిపోతూ గింగిరాలు తిరుగుతుంటే, ఆ తలుపు ఉన్నా లేనట్టే." మౌలాలి ముఖం చూసి ఆగాడు. "ఏమైంది?"

ఏమైందో చెప్పడానికి మౌలాలి అక్కడ లేడు. పామర్రు వెళ్లే బస్సు వెంట పరుగెత్తుతున్నాడు.

పామర్రులో బస్సు మారాడు. చల్లపల్లిలో మళ్లీ మారాలి. ఆ సెంటర్లో దిగి నిలబడ్డాక, అతని కాళ్లకి పిచ్చి పట్టింది. ఒకపక్క బందరు బస్సు, ఇంకోపక్క అవనిగడ్డ బస్సు. బందరు బస్సు ఎక్కితే ఇంటికి పోవచ్చు. ఎవరికీ తెలియదు. గంగాధరరావు దివిసీమ వెళ్లి చెప్పబోడు. ఆవిడ బతికినన్నాళ్లూ ఆయన దూకాడనే అనుకుంటుంది, విమానం బీరువాలో ఉంటుంది. నష్టం ఎవరికి? బందరు బస్సు మెట్టు మీద కాలు పెట్టాడు, దిగాడు. సోడా కొట్టు దాకా వెళ్లాడు, వెనక్కి వచ్చాడు. కండక్టరు విసుక్కున్నాడు. "ఎక్కుతారా దిగుతారా, ఏదో ఒకటి చెయ్యండి పెద్దాయనా."

ఆవిడ ఢిల్లీలో మెట్లెక్కడం అతనికి కళ్లకి కట్టింది. ఒక ఆఫీసు, ఇంకో ఆఫీసు, తలుపు చప్పుడైతే లేవడం, బస్సు ఆగితే లేవడం. ఇక కూర్చోవాలని ఉందన్న మనిషిని తన చేయి మళ్లీ లేపి నిలబెట్టింది. తప్పు పడిన అచ్చుతో ఒక్క గజం బట్ట అద్దినా, ఆ అచ్చుని పొయ్యిలో పెట్టే వంశం అతనిది. ఇప్పుడు అచ్చు పడింది బట్ట మీద కాదు. మౌలాలి తిట్టుకుంటూ అవనిగడ్డ బస్సెక్కాడు.

గువ్వలదిబ్బలో ఉప్పెన తర్వాత కట్టిన సిమెంటు ఇళ్లు వరసగా ఉన్నాయి. కృపావతి ఇంటి ముందు ట్రంకు పెట్టె ఎండబెట్టి ఉంది, ఢిల్లీ ప్రయాణానికి. లోపల బల్ల మీద విమానం. ముక్కు కిటికీ వైపు తిప్పి ఉంది.

"రండి మౌలాలి గారూ, మీరేమిటి ఇంత దూరం" అంటూ ఆవిడ కుర్చీ వేసింది. అతను కూర్చోలేదు.

"తప్పు జరిగిందమ్మా" అన్నాడు. "నా చేతి తప్పు. మేం కాగితం తిరగేసి అంటిస్తాం. గాజు ఎడమపక్క ఉండాలి. దాని కింద కూర్చునేది పైలటు. మీ ఆయన కుడిపక్కే. నిజమే. కానీ కింద, లోపల. ఆయనకి ఎగిరే సీటు లేదు."

కృపావతి విమానం వైపు చూసింది. బయట ఎవరిదో గేదె అరిచింది.

"మీరు రాకుండా ఉండాల్సింది" అంది.

"అవునమ్మా."

"ఎందుకొచ్చారు మరి? ఎవరు రమ్మన్నారు మిమ్మల్ని? పొరపాటు మీరు చేసి, శిక్ష నాకు వెయ్యడానికొచ్చారా?" ఆవిడ గొంతు పెద్దదైంది. పక్కింటి వాళ్లు తొంగి చూశారు. మౌలాలి తలదించుకుని నిలబడ్డాడు. మోకాలు మాత్రం ఆడుతూనే ఉంది, అతనికి దాన్ని ఆపడం చేతకాలేదు.

కాసేపటికి ఆవిడ ఆ మోకాలు చూసింది. ఎందుకో దాంతో కోపం దిగిపోయింది. మంచం మీద కూర్చుంది.

"అయితే ఆ పారాచూట్ ఆవిడదన్నమాట" అంది. "ఆ బెంగాలీ ఆవిడది. ఆవిడకి ఎవరైనా చెప్పారో లేదో పాపం."

మౌలాలికి అప్పుడు ఏడుపొచ్చింది. భుజం మీది తువ్వాలుతో ముఖం తుడుచుకుని, బల్ల దగ్గరికి వెళ్లి విమానాన్ని తీసుకోబోయాడు. "ఇది ఇచ్చెయ్యండమ్మా. తప్పు పడిన అచ్చుని మేం ఉంచం, కాల్చేస్తాం. సరైనది చేసి తెస్తాను."

ఆవిడ చేయి అడ్డం పెట్టింది.

"సరైనది తీసుకురండి. పూడుద్దాం. ఇది మాత్రం ఇక్కడే ఉండనివ్వండి. మూడు వారాలు ఇందులో ఆయన బతికున్నారండీ."

సరైన విమానానికి మౌలాలి కాగితాన్ని చెక్క మీద పెట్టినప్పుడు, చేయి అలవాటుగా తిరగేయబోయింది. షంషున్నీసాని పిలిచి, పక్కన కూర్చోబెట్టుకుని, చూస్తూ ఉండమన్నాడు. ఆవిడ ఏం చమత్కారమూ ఆడలేదు. గాజు ఎడమపక్క వచ్చింది. ఈసారి అతను పైరూపంతో ఆగలేదు. గంగాధరరావు దగ్గరికి ఇంకోసారి వెళ్లి, లోపల ఏమేమి ఉంటాయో అడిగి తెలుసుకున్నాడు. ముక్కు వైపు కుడిపక్కన చెక్కని తొలిచి, లోపల వేలిగోరంత సీటు ఒకటి పెట్టాడు. దాని పక్కన చిన్న తలుపు చేసి, ఇత్తడి తీగతో బందు బిగించాడు. తలుపు తెరుచుకుంటుంది, మూసుకుంటుంది. మొదటి దాని కన్నా ఇదే మంచి పని. ఆ సంగతి అతనికి తెలుసు. ఇది మట్టిలోకి పోయేదనీ తెలుసు. ఈసారి అందుకు బాధ కలగలేదని చెబితే అబద్ధమే. కలిగింది. కలిగినా చేశాడు.

పూడ్చిన రోజు సముద్రపు గాలి గట్టిగా వీస్తోంది. చర్చి వెనక ఇసుకనేలలో, చొక్కాలూ చెప్పులూ పూడ్చిన సిలువల వరస చివర, చిన్న గుంట తవ్వి ఉంచారు. పాస్టరు గారు ప్రార్థన చేశారు. గంగాధరరావు కూడా గుడివాడ నుంచి వచ్చాడు, ఎప్పటిదో ఎయిర్‌ఫోర్సు టోపీ పెట్టుకుని.

మౌలాలి విమానాన్ని కృపావతి చేతుల్లో పెట్టాడు. కుడిపక్క చిన్న తలుపు తెరిచి ఉంది.

"తలుపు తెరిచే ఉంచానమ్మా" అన్నాడు.

ఆవిడ దాన్ని ముఖానికి దగ్గరగా పట్టుకుని, ఆ తలుపులోంచి లోపలికి చూసింది. లోపలి చీకట్లో సీటు కనబడే దాకా చూసింది. పెదవులు కదిలాయి. ఏమందో పక్కనున్న మౌలాలికి కూడా వినబడలేదు. తర్వాత చిటికెన వేలితో ఆ తలుపు మూసింది.

విమానాన్ని పెట్టెలో పెట్టారు, పెట్టెని గుంటలో దించారు. మట్టి పోశారు. కృపావతి ఆ ఇసుకలో కూర్చుని, చేతులు రెండూ మట్టి మీద ఆనించి, ఏడవడం మొదలుపెట్టింది. ఎనిమిదేళ్ల ఏడుపు అది, తొందరగా అయ్యేది కాదు. జనం ఒక్కొక్కరే వెళ్లిపోయారు. మౌలాలి కొంచెం దూరంలో ఒక సిలువ పక్కన కూర్చున్నాడు. రోడ్డు మీద నాగాయలంక బస్సు వచ్చి ఆగి హారను కొట్టింది. కృపావతి తలెత్తలేదు. గంగాధరరావు వచ్చి భుజం తట్టి, బస్సు వెళ్లిపోతోంది బావా అన్నాడు. మౌలాలి కూడా లేవలేదు.